టెక్ సందేహాలు: తన్నని తుపాకీ, వంద గజాల గురి

ఈ వారం ఫోన్ బ్యాటరీలు, వైఫై రూటర్లు కాస్త ఆగాలి. రైఫిల్ షూటింగ్ మీద ప్రశ్నలు కొన్నాళ్లుగా పోగుపడుతున్నాయి, అన్నీ ఒకేసారి తీసుకుంటున్నాను. బల్ల మీద రైఫిల్‌ను ఆన్చి కాల్చాలి, కాగితం మీద పడ్డ చిల్లులు ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప. ఈ ఆట పేరు బెంచ్‌రెస్ట్. ఒలింపిక్స్‌లో లేదు, టీవీలో చూస్తే నిద్రొస్తుంది. కొలతల పిచ్చి ఉన్నవాళ్లకు మాత్రం పండగే.

ప్రశ్న: సైన్యంలో సుబేదారుగా చేసి రిటైరయ్యాను, విజయనగరం కంటోన్మెంటులో ఉంటాను. మా అబ్బాయిది టెక్సస్‌లో ఉద్యోగం. అక్కడ క్లబ్బులో చేరి 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ మొదలుపెట్టాడు. బైకు మీంచి పడి కుడి భుజానికి ఆపరేషన్ అయింది, కాల్చినప్పుడు భుజాన్ని గట్టిగా వెనక్కి తన్నే తుపాకీ వద్దని డాక్టరు చెప్పారట. నేను .308 కొనమన్నాను. వాడు 6.5 క్రీడ్‌మూర్ అంటున్నాడు. క్లబ్బులో ఒక పెద్దాయన 6 పీపీసీ అన్నారట. ఏ కార్ట్రిడ్జ్, అంటే ఏ రకం తూటా మంచిది, బ్యారెల్ ఎలాంటిది తీసుకోవాలి?

జవాబు: సుబేదారు గారూ, ఆ పెద్దాయన మాటే వినమనండి. .308 అంటే మీకెందుకు ఇష్టమో తెలుసు, మీరు సైన్యంలో మోసిన ఎస్ఎల్ఆర్ రైఫిల్ తూటాకు అది తోడబుట్టినదే. కానీ 200 గజాల లోపు కాగితానికి చిల్లు పెట్టడానికి అంత తుపాకీ మందు దండగ.

లెక్క కడదాం. పోటీల్లో లైట్ వార్మింట్ తరగతి రైఫిల్ స్కోపుతో సహా 10.5 పౌండ్లు, అంటే దాదాపు 4.76 కిలోలు దాటకూడదు. అంత బరువున్న రైఫిల్‌లో ఏ తూటా ఎంత తంతుందో గుండు (తూటాలోంచి ఎగిరిపోయే భాగం) బరువు, దాని వేగం, మందు బరువు వేసి చూశాను. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు, గ్రాముకు దాదాపు 15.4 గ్రెయిన్లు. 168 గ్రెయిన్ల గుండుతో .308 సుమారు 16 జౌళ్లు తంతుంది. 140 గ్రెయిన్ల 6.5 క్రీడ్‌మూర్ 12, 105 గ్రెయిన్ల 6 ఎంఎం బీఆర్ 7, 68 గ్రెయిన్ల 6 పీపీసీ 5. ఇక .22 లాంగ్ రైఫిల్ అయితే జౌలులో పదో వంతు కూడా లేదు. మూతిలోంచి వాయువులు ఎంత వేగంతో పోతాయన్నది అంచనాగా వేసుకున్నదే కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ కావచ్చు, వరస మాత్రం మారదు.

భుజం నొప్పి సరే, బెంచ్‌రెస్ట్‌లో తన్ను తగ్గించుకోవడానికి అంతకంటే పెద్ద కారణం గురి. గుండు ఇంకా బ్యారెల్ లోపల ఉండగానే రైఫిల్ వెనక్కి జరగడం మొదలవుతుంది. అదంతా సెకనులో వెయ్యో వంతు వ్యవహారం. 22 అంగుళాల బ్యారెల్ నుంచి గుండు బయటపడేలోగా పీపీసీ రైఫిల్ అర మిల్లీమీటరు పైచిలుకు జరుగుతుంది. అదే బరువున్న .308 దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. జరిగితే నష్టం లేదు, ప్రతిసారీ ఒకే తీరుగా జరగాలి. ఒకసారి భుజం గట్టిగా ఆన్చి, ఇంకోసారి వదులుగా పెడితే గుండు బయటికొచ్చే వేళకు తుపాకీ మూతి ఒక్కోసారి ఒక్కో చోట ఉంటుంది. అందుకే పీపీసీ వాళ్లలో చాలామంది ఫ్రీ రీకాయిల్ పద్ధతిలో కాలుస్తారు. ముందు రెస్టు, వెనక ఇసుక సంచి, ట్రిగ్గరు మీద వేలి కొస, అంతే. భుజం తగలదు, చెంప తగలదు. ట్రిగ్గరు రెండు ఔన్సులకే, అంటే 57 గ్రాముల ఒత్తిడికే తెగుతుంది. అలా కాలిస్తే మీవాడి ఆపరేషన్ భుజానికి పనే ఉండదు. .308తో ఈ సాహసం చేస్తే స్కోపు వచ్చి కనుబొమ్మ చీరుతుంది.

6 పీపీసీ 1970ల మధ్యలో వచ్చింది. లూయీ పాల్మిసానో అనే డాక్టరు, ఫెర్రిస్ పిండెల్ అనే మెషినిస్టు కలిసి .220 రష్యన్ అనే చిన్న కేసును (మందు పట్టే ఇత్తడి గొట్టాన్ని) తీసుకుని, పక్కలు నిటారుగా, మెడ కింద సన్నబడే చోటు, అంటే కేసు భుజం, 30 డిగ్రీల కోణంలో ఉండేలా మలిచారు. అప్పటిదాకా ఈ ఆటలో 1950లో రెమింగ్టన్ తెచ్చిన .222దే రాజ్యం. పీపీసీ వచ్చాక అది పక్కకు తప్పుకుంది. 100, 200 గజాల గ్రూపు పోటీల్లో (వరసగా కాల్చిన చిల్లుల గుంపే గ్రూపు, అది ఎంత చిన్నదైతే అంత మేలు) పీపీసీని ఈనాటికీ ఏదీ కదపలేకపోయింది.

దీంతో ఒక చిక్కుంది, మీవాడికి ముందే చెప్పండి. ఇది షాపుకెళ్లి పెట్టె కొనుక్కుని కాల్చే తూటా కాదు. కేసులు, మందుకు నిప్పంటించే ప్రైమర్లు, మందు, గుండ్లు విడివిడిగా కొని ఎవరికి వారు నింపుకోవాలి. పోటీ రోజున రేంజి దగ్గరే బల్ల వేసుకుని, రెండు రౌండ్ల మధ్యలో గాలి వేడిని బట్టి మందు కాస్త మార్చి మళ్లీ నింపే వాళ్లే ఎక్కువ. కొందరికి ఆటకంటే ఈ పనే ఇష్టం. ఆఫీసు నుంచి అలిసి వచ్చే మనిషికి అంత ఓపిక లేకపోతే ఫ్యాక్టరీ తూటాలు దొరికే 6 ఎంఎం బీఆర్ నార్మా తీసుకోమనండి. డబ్బులు చూసుకోవాలంటే బరువైన బ్యారెల్ ఉన్న .223 బోల్ట్ రైఫిల్‌తో మొదలుపెట్టినా తప్పు లేదు, తన్ను పీపీసీ కంటే కొంచెం తక్కువే. గెలుపులు ఆలస్యమవుతాయి, కానీ గాలిని చదవడం వస్తుంది. క్రీడ్‌మూర్ మంచి తూటాయే, అయితే అది దూరాల కోసం పుట్టింది. ఈ ఆటకు నేను వద్దనే అంటాను.

ఇక బ్యారెల్. ముందు చూడాల్సింది లోపలి గాడుల మెలిక, ట్విస్ట్ అంటారు. పొట్టి బొంగరం మెల్లగా తిప్పినా నిలబడుతుంది, సన్నగా పొడుగ్గా ఉన్నదాన్ని విసురుగా తిప్పకపోతే పడిపోతుంది. గుండుకూ అదే సూత్రం. 68 గ్రెయిన్ల పొట్టి గుండుకు 13.5 లేదా 14 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుంది. 105 గ్రెయిన్ల పొడుగు గుండుకు 8 అంగుళాలకు ఒక చుట్టు కావాలి. వేగంగా తిప్పేది కొంటే రెండిటికీ పనికొస్తుంది కదా అనిపిస్తుంది. పనికొస్తుంది, కానీ గుండులో ఏ మూలో ఉన్న చిన్న అసమతూకం కూడా ఆ విసురుకు పెద్దదవుతుంది. గ్రూపులో అర మిల్లీమీటరు కోసం కొట్టుకునే ఆట ఇది. అందుకే పొట్టి దూరాల వాళ్లు గుండును నిలబెట్టడానికి ఎంత కావాలో అంతే తిప్పుతారు. అంటే దూరాన్ని బట్టి గుండు, గుండును బట్టి ట్విస్ట్. 6 ఎంఎం అని మాత్రమే రాసి ఉన్న బ్యారెల్ చవగ్గా వచ్చిందని తీసుకుంటే ఇరుక్కుంటాడు.

పొడవు 21, 22 అంగుళాలు చాలు. మిగిలిన బరువంతా లావుకు పెట్టాలి, ఎందుకంటే గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. పది శాతం లావు పెంచితే దాదాపు 46 శాతం బిగువొస్తుంది. గాడులు కోసినవా, బటన్ అనే గట్టి పనిముట్టుతో ఒత్తినవా అన్న వాదన ఎప్పటికీ తెగదు. క్రీగర్, బార్ట్‌లైన్ కోస్తారు. షిలెన్, లిల్యా బటన్ వాడతారు. అన్నిటితోనూ కప్పులు గెలిచిన వాళ్లున్నారు. నా దృష్టిలో ఆ పేర్ల కంటే ఛాంబరు (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) కోసి, మూతి అంచు చక్కగా తీర్చే గన్‌స్మిత్ ముఖ్యం. గుండు చిట్టచివర తాకేది ఆ అంచునే. అక్కడ గీత పడితే ఎంత ఖరీదైన ఉక్కయినా ఏం లాభం?

సెకండ్‌హ్యాండ్ పీపీసీ రైఫిల్ కొంటే బ్యారెల్ మీద చెక్కిన అంకె చూడమనండి. 262 నెక్ అని ఉంటే ఛాంబరు మెడ 0.262 అంగుళాలన్నమాట. దాంట్లో కాల్చే ప్రతి కేసు మెడనూ చుట్టూ పల్చగా చెక్కాలి. చెక్కని కేసును బలవంతంగా తోస్తే మెడ విచ్చుకోవడానికి చోటుండదు, పీడనం ప్రమాదం స్థాయికి పోతుంది. ఇది గురి సమస్య కాదు, కళ్లు పోయే సమస్య. మందు కొలతలు కూడా రీలోడింగ్ మాన్యువల్ చూసే వేయాలి, తోటి సభ్యుడి నోటిమాట మీద వేయకూడదు.

బ్యారెల్ అరిగిపోయే సరుకని మొదటే అనుకోవాలి. పీపీసీలో గెలిచే స్థాయి గురి వెయ్యి తూటాల చుట్టుపక్కల తగ్గడం మొదలవుతుంది. ఛాంబరు ముందు గాడులు మొదలయ్యే చోటు వేడికి మాడి పగుళ్లిస్తుంది. అందుకే గట్టిగా ఆడేవాళ్లు అదే రీమరుతో (ఛాంబరు కోసే పనిముట్టుతో) రెండో బ్యారెల్ కోయించి పెట్టుకుంటారు.

ఒక మాట అడక్కుండానే చెబుతున్నాను. అరిగిన బ్యారెల్ ముక్కను జ్ఞాపకంగా సూట్‌కేసులో వేసుకు రావద్దని మీవాడికి గట్టిగా చెప్పండి. మన 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ భాగాలు కూడా ఆయుధాలే. విశాఖలో దిగి ఇంటికి రావాల్సిన మనిషి పోలీస్ స్టేషన్లో కూర్చోవాల్సి వస్తుంది.

ప్రశ్న: ఆమదాలవలసలో డిగ్రీ చదువుతున్నాను. ఎన్‌సీసీ క్యాంపులో .22 కాల్చాను. 4.5 ఎంఎం ఎయిర్ రైఫిల్ కొని బల్ల మీద సాధన చేయాలని ఉంది. బ్యారెల్ పొడుగుంటే గురి బాగుంటుందా? లైసెన్సు కావాలా?

జవాబు: బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) 4.5 ఎంఎం దాటకుండా, శక్తి 20 జౌళ్ల లోపు ఉంటే లైసెన్సు అక్కర్లేదమ్మా. బిల్లు మాత్రం భద్రంగా దాచుకోండి.

పొడవుకూ గురికీ నేరుగా సంబంధం లేదు. పొడుగు బ్యారెల్‌లో గాలి ఎక్కువసేపు నెడుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది, అంతే. 10 మీటర్ల పోటీ రైఫిళ్లు అర గ్రాము పైచిలుకు పెల్లెట్‌ను సెకనుకు 175 మీటర్ల దరిదాపులో పంపుతాయి, శక్తి 8 జౌళ్లే. లండన్‌లో 2012లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ తరహా రైఫిల్‌తోనే.

స్ప్రింగు రైఫిల్ చవక, కానీ బల్ల మీద సతాయిస్తుంది. స్ప్రింగు పిస్టన్ ముందుకు దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి, పిస్టన్ ఆగేటప్పుడు ముందుకు, రెండు సార్లు కదులుతుంది. సంచి మీద ఎక్కడ ఆన్చారో దాన్ని బట్టి గురి మారిపోతుంది. బెంచ్‌కు పీసీపీ, అంటే సిలిండరులో గాలి నింపేదే నయం, అందులోనూ ప్రతిసారీ ఒకే ఒత్తిడితో గాలి వదిలే రెగ్యులేటర్ ఉన్నది. తర్వాత పెల్లెట్లు. డబ్బా మీద 4.49, 4.50, 4.51 అని తల సైజులుంటాయి. ఏది మీ బ్యారెల్‌కు నప్పుతుందో ఎవరూ చెప్పలేరు, ఒక్కో డబ్బా కొని కాల్చి చూడాల్సిందే. పొడుగు బ్యారెల్‌కు పెట్టే డబ్బు ఇక్కడ పెట్టండి.

మన వైపు ఎండ ఎక్కాక సముద్రం గాలి తిరుగుతుంది. 25 మీటర్లకు ఆ తేలిక పెల్లెట్‌ను అది ఇట్టే పక్కకు తోస్తుంది. పొద్దున్నే కాల్చండి. దారిలో రెండు చోట్ల పుల్లకు ఊలు దారం కట్టి, అది ఎటు ఊగుతుందో చూసి ట్రిగ్గరు నొక్కండి. టార్గెట్ వెనక మట్టి కట్ట తప్పనిసరి. డాబా మీద మాత్రం వద్దు.

ప్రశ్న (పలాస నుంచి): ఫోన్‌తో ఫొటో తీస్తే గ్రూపు సైజు చెప్పే యాప్‌లను నమ్మొచ్చా?

జవాబు: ఫొటో నిటారుగా తీసి, పక్కన స్కేలు పెడితే నమ్మొచ్చు. వాలుగా తీస్తే సాగదీసిన అంకె వస్తుంది. నేనైతే వెర్నియర్ కాలిపర్‌నే నమ్ముతాను. దూరంగా ఉన్న రెండు చిల్లుల బయటి అంచుల మధ్య కొలిచి, ఒక గుండు వ్యాసం తీసేయాలి. బయటి కొలత 10.4 ఎంఎం వచ్చిందనుకోండి. 6 ఎంఎం అని పిలిచే గుండు నిజానికి 6.2 ఎంఎం, అది తీసేస్తే గ్రూపు 4.2 ఎంఎం. 100 గజాల్లో ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) 26.6 ఎంఎం కాబట్టి ఇది 0.16 మినిట్. పెద్ద పోటీల్లో గెలిచే సగటు 0.2 లోపే ఉంటుంది. అయితే మూడు తూటాల గ్రూపు ఒకటి కుదిరిందని వాట్సాప్ స్టేటస్ పెట్టేయకండి. అయిదేసి తూటాల గ్రూపులు అయిదు కాల్చి సగటు తీయండి, అప్పుడు తెలుస్తుంది రైఫిల్ సంగతి.

ప్రశ్న: మాది కళింగపట్నం. నాన్నగారి తర్వాత .22 టార్గెట్ రైఫిల్ లైసెన్సు నా పేరుకు మారింది. బ్యారెల్ మీద గోధుమరంగు చుక్కలు వస్తున్నాయి. తూటా కూడా హై వెలాసిటీ కొనాలా, స్టాండర్డా?

జవాబు: స్టాండర్డే కొనండి. 40 గ్రెయిన్ల మ్యాచ్ తూటా సెకనుకు 326 మీటర్ల దరిదాపులో బయల్దేరుతుంది. 35 డిగ్రీల ఎండలో ధ్వని వేగం 352 మీటర్లు, అంటే గుండు మొదటి నుంచీ ధ్వని కంటే కిందే ఉంటుంది. హై వెలాసిటీ అయితే ధ్వనిని దాటి బయల్దేరి, దారిలో వేగం తగ్గి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ దిగేచోట గుండు తడబడుతుంది. ఒకే బ్రాండులోనూ లాటు మారితే గ్రూపు మారుతుంది కాబట్టి, నప్పిన లాటు నంబరు రాసి పెట్టుకుని, లైసెన్సు ఒప్పుకున్నంత అదే తెచ్చుకోండి.

చుక్కలు తుప్పే. రైఫిల్‌ను నురుగు గుడ్డ పరిచిన కేసులో దాస్తున్నారేమో చూడండి, అది ఉప్పు గాలిలో తేమను పట్టి ఉంచుతుంది. బయటికి తీసి, పల్చగా నూనె రాసి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వానాకాలంలో వారానికోసారి గుడ్డతో తుడవాలి. లోపల మాత్రం ఇత్తడి బ్రష్‌తో అదేపనిగా తోమొద్దు. .22 సీసం గుండు మీది మైనం బ్యారెల్‌లో పొరగా పట్టాకే గురి నిలకడగా వస్తుంది. తోమి తీసేస్తే మళ్లీ పట్టేదాకా గుండ్లు తలోవైపు పోతాయి. ఛాంబరు ముందు పేరుకునే మసి కట్టును మాత్రం అప్పుడప్పుడు తీయాలి. పని అయ్యాక కాల్చే ముందు బ్యారెల్‌లో నూనె మిగలకుండా పొడి గుడ్డ ఒకటికి రెండుసార్లు తోయండి.