గాజీ పేజీలు ముందు చదువు

విశాఖపట్నం

తమ్ముడూ,

1971 యుద్ధం మీద వచ్చిన ఆ పుస్తకానికి నువ్వు రాసిన సమీక్ష తీరిగ్గా చదివాను. నీ వాక్యం బాగుంది. కానీ 'గాజీ సబ్‌మెరైన్ లోపలి చివరి క్షణాలను రచయిత కళ్లకు కట్టారు' అని మెచ్చుకున్న చోట ఆగిపోయాను. పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీలో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతికి బయటపడలేదు. మరి కమాండర్ తన అధికారితో అన్న మాటలు ఎవరు విన్నారు? ఆయన నుదుటి మీద చెమట ఎవరు చూశారు? ఎంత బాగా రాసినా ఆ పేజీ కల్పనే. ఆ సంగతి పాఠకుడికి చెప్పలేదు చూడు, అదే నాకు కష్టంగా ఉంది. అలాంటి పేజీ ఒక్కటి దొరికాక, మిగతా పుస్తకంలో ఎవరి నోట పెట్టిన మాటనైనా నేను అనుమానంగానే చదువుతాను.

యుద్ధ చరిత్ర ఏది చేతికొచ్చినా, నీకు బాగా తెలిసిన ఘట్టం ముందు తియ్యి. విశాఖవాడివి, నీకు గాజీ ఉంది. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ మన రేవుకు దగ్గర్లోనే అది మునిగింది. అంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఎలా మునిగిందన్న దగ్గరే తగాదా. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్లేనని మన నౌకాదళం చెప్పింది. అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తన జ్ఞాపకాల్లోనూ అలాగే రాశారు. గాజీ సముద్రంలో తానే పరిచిన మందుపాతర (మైన్) పేలిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ వాళ్లు అంటారు. గాజీ వేటాడుతున్న మన విమానవాహక నౌక విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, అది ఇక్కడే ఉందని నమ్మించేలా రాజ్‌పుత్ నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించారు. గొప్ప ఎత్తుగడ. దానికి ఆధారాలూ గట్టివే. అయితే గాజీని ఇక్కడికి రప్పించింది ఆ ఎత్తు అని ఒప్పుకున్నా, దాన్ని ముంచింది డెప్త్ చార్జీలని తేలిపోదు. చాలా పుస్తకాలు ఇక్కడే జారిపోతాయి. మొదటి సంగతికి ఉన్న సాక్ష్యాన్ని రెండోదానికీ వాడేసుకుంటాయి. రెండు వాదనలూ చెప్పి వదిలేసినా నాకు చాలదు. రచయితకు ఏది నిజమనిపించింది, ఎందుకనిపించింది, అది రాయాలి.

తర్వాత మన యుద్ధనౌక ఖుక్రీ అధ్యాయం తిరగెయ్యి. డిసెంబరు 9న పాక్ సబ్‌మెరైన్ హంగోర్ దాన్ని ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఓడతోపాటే వెళ్లిపోయిన కెప్టెన్ ముల్లా గురించి ఎవరు రాసినా కళ్లు చెమరుస్తాయి, చెమర్చాలి కూడా. కానీ సబ్‌మెరైన్‌ను వేటాడ్డానికి వెళ్లిన ఓడే దాని వాత ఎందుకు పడిందో కూడా రాశారా? కరాచీ మీద మన దాడిని వర్ణించిన ఓపిక ఇక్కడా కనిపించిందా? మన నష్టం దగ్గర గబగబా పేజీలు తిప్పేసిన రచయిత, శత్రువు నష్టం లెక్కలు మాత్రం జాగ్రత్తగా సరిచూసి ఉంటాడని నేననుకోను.

చిన్న తప్పులకు మరీ అంత విలువివ్వకు. 1971లో విక్రాంత్ మీంచి సీ హారియర్ యుద్ధవిమానాలు లేచాయని రాస్తే తప్పే. అవి మనకు 1983లో గాని రాలేదు, అప్పుడున్నవి సీ హాక్‌లు, అలిజేలు. గుర్తుపెట్టుకో, సమీక్షలో ఒక్క వాక్యంలో చెప్పు, చాలు. అల్లిన సంభాషణ దానికంటే చాలా పెద్ద తప్పు.

బీచ్ రోడ్డులో ఆ యుద్ధ స్మారకం, విక్టరీ ఎట్ సీ స్తూపం చూస్తూ పెరిగాం, రాజ్‌పుత్ అంటే మమకారం ఉంటుంది. నాకూ ఉంది. అయినా అవతలివాళ్లు రాసింది చదవందే గాజీ మీద కలం పెట్టకు.

మన ఊళ్లో రిటైరైన నౌకాదళం పెద్దలు చాలామంది ఉన్నారు. వెళ్లి కలువు. ఆ రాత్రి ఎక్కడ డ్యూటీలో ఉన్నారని మొదట అడుగు. ఒడ్డున ఉన్నాయన పేలుడు విన్నానంటే నమ్మొచ్చు, ఏం పేలిందో మాత్రం ఆయనకూ ఎవరో చెప్పిందే. ఆయన స్వయంగా చూసింది ఒక కాగితం మీద, విన్నది ఇంకో కాగితం మీద రాసుకో. అది పూర్తయ్యాక సమీక్ష తిరగరాసి పంపు, పత్రికవాళ్లతో నేను మాట్లాడతాను.

ఆశీస్సులతో,
అన్నయ్య