కొమ్ము చూసి పేడ పురుగు జాతి తేల్చకండి

అచ్చంపేట దగ్గర గేదె పేడలో మీకు దొరికిన రెండు నల్ల పురుగులు వేర్వేరు జాతులా, వాటిలో కొత్త జాతి ఏదైనా ఉందా అని అడిగారు కదా. ఆ రెండూ, పొడుగు కొమ్ములున్నదీ, బుడిపెలు మాత్రమే ఉన్నదీ, ఒకే జాతి మగవి అయి ఉండొచ్చు. ఆంథోఫేగస్ అనే పేడ పురుగుల ప్రజాతిలో చాలా జాతుల మగవాటికి లార్వా దశలో తిండి బాగా దొరికితేనే కొమ్ము పెరుగుతుంది. అందుకే ఎన్ని ఫొటోలతో పోల్చినా తేలడం లేదు.

చాలామంది వదిలేసే పని, మగ జననాంగాన్ని బయటికి తీసి చూడటం. అసలు తేడా అక్కడే తెలుస్తుంది.

1. చనిపోయిన పురుగును మెత్తబడే దాకా వేడి నీళ్లలో ఉంచండి.
2. పొట్ట చివరి పెంకు కింద సన్నని సూది దూర్చి, లోపలున్న గట్టి గొట్టాన్ని మెల్లగా లాగండి. లేత గోధుమ రంగులో ఉంటుంది. తొందరపడితే కొసన జతగా ఉండే చిన్న భాగాలు విరుగుతాయి. జాతిని పట్టిచ్చేవి అవే, జాగ్రత్త.
3. ఆ గొట్టాన్ని చిన్న అట్టముక్కకు అంటించి, పురుగున్న పిన్నుకే గుచ్చండి. పై నుంచి, పక్క నుంచి ఫొటో తీయండి. రెండింటివీ ఒకేలా ఉంటే దాదాపు ఒకే జాతి.
4. లేబుల్‌పై ఊరు, తేదీ, ఏ జంతువు పేడ, సేకరించినవారి పేరు.

తేడా కనిపిస్తే హైదరాబాద్‌లోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జంతుజాతులను అధ్యయనం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కేంద్రంలో చూపించండి. కొత్త జాతి అనే మాట ఆ తర్వాతే. అమ్రాబాద్ అడవిలోంచి మాత్రం అటవీ శాఖ అనుమతి లేకుండా ఒక్క పురుగునూ తేవద్దు.