చెవిలో మోతకి హిప్నాసిస్ పనిచేస్తుందా డాక్టర్ గారూ?

ప్రశ్న: నా వయసు 47. మిర్యాలగూడలో రైస్ మిల్లులో 20 ఏళ్లుగా పనిచేస్తున్నా. ఏడాదిన్నర నుంచి రెండు చెవుల్లో కీచురాయి అరిచినట్టు ఒకటే మోత, రాత్రిళ్లు నిద్ర ఉండట్లేదు. మాత్రలు వాడినా తగ్గలేదు. హిప్నాసిస్‌తో పూర్తిగా పోతుంది, పది సిట్టింగ్‌ల డబ్బు ముందే కట్టాలి అన్నారు ఒకచోట. వెళ్లొచ్చా?

జవాబు: ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. హిప్నాసిస్ అంతా బూటకం అని కాదు నేననేది, మోతని పూర్తిగా తీసేస్తామన్న మాట మాత్రం నిజం కాదు. ఇంకో సంగతి, మీరు రాసినదాంట్లో హియరింగ్ టెస్ట్ ఊసే లేదు. ముందు అది చేయించుకోండి, ప్యూర్ టోన్ ఆడియోమెట్రీ అంటారు, అరగంట పని. హైదరాబాద్ వస్తే కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిలో చేస్తారు.

మిల్లులో పక్కనున్న మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే ఆ శబ్దం 85 డెసిబెల్స్ దాటినట్టే లెక్క, 20 ఏళ్లు అందులో ఉంటే లోపలి చెవిలో ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు దెబ్బతింటాయి, అవి మళ్లీ మొలవవు. మీ రిపోర్టులో 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచుగా ఉండే శబ్దాల దగ్గర, వినికిడి గీత కిందికి పడి ఉండొచ్చని నా అనుమానం. చెవి నుంచి రావాల్సిన శబ్దం సరిగ్గా రాకపోయేసరికి మెదడు తనే వాల్యూమ్ పెంచుకుంటుంది, అప్పుడు బయట లేని మోత వినిపిస్తుంది, దీన్నే టిన్నిటస్ అంటాం. ఇది మీ భ్రమ కాదండీ, ఇంట్లోవాళ్లు ఎవరైనా అలా అంటే ఈ పేరా చదివి వినిపించండి.

ఇక హిప్నాసిస్. మిమ్మల్ని నిద్రపుచ్చరు, వశం చేసుకోరు. ఒళ్లు బాగా వదులయ్యేలా చేసి, ధ్యాస ఒకచోట నిలిపి, ఆ మోతని పట్టించుకోకుండా ఉండటం నేర్పిస్తారు, కొందరు ఇంట్లో సొంతంగా చేసుకోవడం కూడా నేర్పుతారు. ఫ్యాన్ రోజంతా తిరుగుతున్నా మనకి వినపడదు కదా, కరెంటు పోయినప్పుడే ఇంత చప్పుడు చేస్తోందా అనిపిస్తుంది, మోత కూడా అలా వెనక్కి పోవాలి. కొంతమందికి దీంతో కంగారు తగ్గి నిద్ర పట్టింది. కానీ దీని మీద జరిగినవి చాలావరకు చిన్న చిన్న స్టడీలే, గట్టి రుజువు అనలేం. అంతకంటే మంచి ఆధారం ఉన్నది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, మోత గురించిన ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పేది) అనే కౌన్సెలింగ్‌కి, 2020లో వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే కొక్రేన్ సంస్థ వాళ్లు 28 స్టడీలు కలిపి చూస్తే మోత వల్ల పడే బాధ తగ్గినట్టు తేలింది. అందుకే నేనైతే ముందు దానికే పంపిస్తాను, హిప్నాసిస్ కావాలంటే దానికి తోడుగా. చేసేవాళ్లకి క్లినికల్ సైకాలజిస్ట్‌గా ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడగడానికి మొహమాటం వద్దు. మూర్ఛ గానీ, లేని మాటలు వినపడే మానసిక జబ్బు గానీ ఉంటే సైకియాట్రిస్టుని అడక్కుండా అసలు వెళ్లొద్దు.

వినికిడి తగ్గిందని తేలితే హియరింగ్ ఎయిడ్ పెట్టుకోండి, చాలామందికి దాంతోనే మోత కూడా తగ్గుతుంది. రాత్రి గది మరీ నిశ్శబ్దంగా ఉంటే మోత ఎక్కువ అనిపిస్తుంది, రేడియో చిన్నగా పెట్టుకుని పడుకోండి. ఇంట్లో చెవుల్లో దూది కుక్కుకోవద్దు, నూనె అస్సలు పోయొద్దు. మిల్లులో మాత్రం ఇయర్ మఫ్స్ లేకుండా అడుగు పెట్టకండి. గింకో అనే చెట్టు ఆకులతో చేసే మాత్రలకి డబ్బు తగలేయొద్దు, ఉపయోగం కనపడలేదు. బీపీకో నొప్పులకో ఏం వాడుతున్నారో ఆ చీటీలన్నీ డాక్టరుకి చూపించండి, కొన్ని మందుల వల్ల కూడా మోత వస్తుంది.

నిద్రలేక బతుకే వద్దనిపిస్తే ఏ టైమైనా సరే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. మోత ఒక్క చెవిలోకే మారినా, గుండె కొట్టుకున్నట్టు లయగా వినిపించినా స్కాన్ అవసరం కావచ్చు, ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్ని కలవండి. వినికిడి ఉన్నట్టుండి పడిపోతే మాత్రం ఆ రోజే వెళ్లండి, స్టెరాయిడ్ మందు మొదటి కొద్ది రోజుల్లోనే బాగా పనిచేస్తుంది.