పాఠకుల ప్రశ్నలు: ఫ్రెంచి షావుకారు ఇల్లు, మన సున్నపు గోడ

ప్రశ్న (యానాం): మా ఊళ్ళో వ్యాపారం చేసిన ఫ్రెంచివాళ్ళు సొంత దేశంలో ఎలాంటి ఇళ్ళు కట్టుకునేవారు? సినిమాల్లో చూపించే కోటల్లాంటివేనా?

కోటలు రాజులవీ ప్రభువులవీ. ఓడల మీద డబ్బు చేసుకున్న షావుకార్ల ఇళ్ళు వేరు. ఫ్రాన్సులోని బ్రిటనీ తీరంలో సేన్ మాలో అనే రేవుపట్నం ఉంది. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బూర్దొన్నే పుట్టిన ఊరు అదే. అక్కడి ఓడల యజమానులు 17వ శతాబ్దం చివర్లో, 18వ శతాబ్దం మొదట్లో పట్నానికి దగ్గరి పల్లెల్లో కట్టుకున్న ఇళ్ళను మలూయినియేర్ అంటారు. ఫ్రెంచివాళ్ళు యానాం వచ్చిందీ ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1720లలో.

ఆ ఇళ్ళలో ఆడంబరం తక్కువ, కొలత ఎక్కువ. సింహద్వారం సరిగ్గా నడిమధ్యన, దానికి అటూ ఇటూ సమానంగా కిటికీలు. చెక్కిన గ్రానైటు ఇంటి మూలల్లోనూ, తలుపులూ కిటికీల చుట్టూనూ మాత్రమే కనిపిస్తుంది. మిగతాదంతా మామూలు రాతి కట్టుబడి, పైన సున్నపు పూత. గ్రానైటు చెక్కించడం ఖరీదైన పని కాబట్టి ముందుగా అరిగి విరిగే అంచులకే దాన్ని వాడారు. పొగగొట్టాలు అంత ఎత్తుగా ఉండేది దర్పానికి కాదు. కప్పు కొన కంటే పొట్టిగా ఉంటే గాలి పొగను మళ్ళీ గదిలోకే తోస్తుంది.

కప్పు పలకరాయి, మన మార్కాపురం పలకల జాతిదే. ఒక్కో పలక సుమారు 3, 4 మిల్లీమీటర్ల మందం. పలకలో మూడో వంతే బయటికి కనిపిస్తుంది, మిగతా రెండు వంతులూ పై వరసల కింద దాగి ఉంటాయి. కప్పు మీద ఎక్కడ వేలు పెట్టినా కింద మూడు పొరలుంటాయన్నమాట. పలక జారిపడితే చాలాసార్లు తప్పు రాయిది కాదు, తుప్పు పట్టిన మేకుది.

ప్రశ్న (అమలాపురం): మా మండువా లోగిలికీ, ముంగిలి ఉన్న ఫ్రెంచి ఇళ్ళకీ పోలిక ఉందా?

పెద్దగా లేదు. మండువా ఇంటి నడుమ ఉంటుంది, గదులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. ఫ్రెంచి పట్నాల్లో పెద్దింటివారి భవనానికి ముంగిలి వీధికీ ఇంటికీ మధ్య ఉంటుంది, గుర్రపు బళ్ళు వచ్చి మళ్ళడానికి. తోట వెనక. లోపల నడవా ఉండదు, గదుల తలుపులన్నీ ఒకే వరసలో ఉంటాయి. నాలుగో గదికి వెళ్ళాలంటే మూడు గదులు దాటాల్సిందే. మన ఆడపడుచులు ఒప్పుకోరు లెండి.

ప్రశ్న (కాకినాడ): డాబా మీద రెండు వాలుల మాన్సార్ కప్పు వేయిద్దామని ఉంది. పన్ను ఎగ్గొట్టడానికే అది పుట్టిందంటారు, నిజమేనా?

కాదు. తలుపులూ కిటికీలూ లెక్కపెట్టి వేసే పన్ను ఫ్రాన్సులో 1798లో వచ్చి 1926 దాకా నడిచింది. ఈ కప్పు అంతకు చాలా ముందుది. వాస్తుశిల్పి ఫ్రాన్స్వా మాన్సార్ (1598–1666) దానికి పేరు తెచ్చాడే గానీ, పారిస్‌లోని లూవ్ర్ భవనంలో పియేర్ లెస్కో 16వ శతాబ్దంలోనే వాడాడు. కింది వాలు దాదాపు గోడలా నిటారు, పైది బాగా తక్కువ. అటకలో మనిషి తల వంచకుండా తిరగవచ్చు, లాభం అదే.

మనకు మాత్రం వద్దనే చెబుతాం. రెండు వాలులు కలిసే విరుపు దగ్గర సీసపు రేకో జింకు రేకో పై వాలు కింద నుంచి వచ్చి కింది వాలు మీదికి దిగాలి. అది చేతనైన పనివాడు ఇక్కడ దొరకడం కష్టం. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసినవారికి రేకు అంచు లేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఫ్రెంచి కప్పే కావాలంటే బెంగుళూరు పెంకు (మంగళూరు పెంకు అన్నా అదే) వేయించండి. ఒకదానిలో ఒకటి కూర్చునే ఆ పెంకుకు మూలం ఫ్రాన్సులోని అల్సాస్‌లో జిలార్దోనీ సోదరులు 1841లో పేటెంటు పొందిన పెంకు. స్విట్జర్లాండు క్రైస్తవ సంస్థ బాసెల్ మిషన్ 1865లో మంగళూరులో తయారీ మొదలుపెట్టింది. చూరు వరసలనూ, కొప్పు పక్క వరసలనూ తీగతో వాసాలకు కట్టించడం మరవకండి.

ప్రశ్న (యానాం): పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేయిస్తే రెండేళ్ళకే ఉబ్బి రాలుతోంది. ఏం చేయాలి?

డెల్టా నేలలో ఉప్పు నీరు గోడలోకి పాకుతుంది. సున్నపు పూత ఆ చెమ్మను బయటికి వదిలేది, సిమెంటు ఆపేసింది. ఇప్పుడు చెమ్మ ఇంకా పైకెక్కి, పూత వెనక ఉప్పు గడ్డకట్టి దాన్ని తోసేస్తోంది.

చెమ్మ గీతకు అర మీటరు పైదాకా సిమెంటు ఒలిపించండి. ఇటుకల సందులు 2 సెంటీమీటర్ల లోతు గోకించండి. తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్ళతో కడిగితే అది కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. వేసవంతా ఆరనివ్వండి. ఈలోగా సున్నం తడిపి, జల్లించి, నీళ్ళ కింద కనీసం పదిహేను రోజులు మగ్గబెట్టండి. ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఏటి ఇసుక. సముద్రపు ఇసుక పనికిరాదు. గోడ తడిపి, 10–12 మిల్లీమీటర్ల చొప్పున రెండు పొరలు వేయించండి, మొదటిది గట్టిపడ్డాకే రెండోది. వారం పది రోజులు తడి గోనెలు వేలాడదీయండి. వడగాడ్పుల్లో ఈ పని పెట్టుకోవద్దు, పూత ముందే ఆరిపోతే పొడిగా రాలుతుంది.

మేస్త్రి ‘బలానికి గుప్పెడు సిమెంటు’ అంటాడు, ఒప్పుకోకండి. పైన ప్లాస్టిక్ రంగు కూడా వద్దు. పల్చటి వెల్ల నాలుగైదు సార్లు వేయిస్తే చాలు. బయట గోడకు ఆనుకుని సిమెంటు గచ్చు ఉంటే ఒక అడుగు వెడల్పున తీయించి కంకర పోయించండి, లేకపోతే నేలలోని చెమ్మకు గోడ తప్ప వేరే దారి ఉండదు.