డిస్క్ 100 శాతం అంటోందని ఫార్మాట్ కొట్టించకండి

మీరు అడిగింది ఇది: ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మిణుకుతూనే ఉంది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తోంది, షాపులో ఫార్మాట్ కొట్టాలంటున్నారు, కొట్టించమంటారా అని.

వద్దు. కనీసం ఈ రాత్రికి వద్దు.

ఏ జ్వరమొచ్చినా ఆర్‌ఎంపీ డాక్టరు ముందు సూది తీసినట్టు, మన షాపుల్లో ల్యాప్‌టాప్ టేబుల్ మీద పెట్టగానే ముందు విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్ తీస్తారు. ఏ ప్రోగ్రాము డిస్క్‌ని వాడుతోంది, ఏ ఫైలు చదువుతోంది అని చూసేవాళ్లు నాకు చాలా తక్కువగా తగిలారు. చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు, డబ్బు అసలే పట్టదు.

ఆ 100 శాతం చూసి ముందే హడలిపోకండి. డిస్క్ ఎంత పని చేసిందో ఆ అంకె చెప్పదు, ఎంతసేపు ఖాళీ లేకుండా ఉందో చెబుతుంది. అంతే. అసలు సంగతి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అనే చోట డిస్క్ మీద నొక్కితే కనిపిస్తుంది. అక్కడ రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అని మూడు అంకెలుంటాయి. రోగం మూడో అంకెలో ఉంటుంది.

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్లాను. మా అన్నయ్య పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాడు, వదిన ఇంట్లో కూర్చుని ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంది. నేను బ్యాగు దించకముందే వదిన, "చూడవయ్యా దీని సంగతి, ఫోల్డర్ తెరిస్తే ఫొటోలు కనబడే లోపల పప్పు ఉడుకుతోంది" అంది. అప్పటికే పక్క వీధి షాపులో చూపించారట. వైరస్ అన్నాడట, పండగ వెళ్లాక ఫార్మాట్ కొడతానన్నాడట. ల్యాప్‌టాప్ దగ్గర చెవి పెడితే లోపల టిక్కుమని ఒక చప్పుడు, కాసేపు ఏమీ లేదు, మళ్లీ అదే టిక్కు.

టాస్క్ మేనేజర్ తెరిచాను. డిస్క్ 100 శాతం. చదివే స్పీడ్ మాత్రం సెకనుకి ఒక ఎంబీలో పదో వంతు కూడా లేదు. రెస్పాన్స్ టైమ్ నాలుగు వేల మిల్లీసెకన్ల పైన ఊగుతోంది. అంటే ఒక్క ముక్క అడిగితే తెచ్చివ్వడానికి నాలుగు సెకన్లు! బాగున్న హార్డ్ డిస్క్ తీరిగ్గా ఉన్నప్పుడు పది ఇరవై మిల్లీసెకన్లలో తెచ్చిస్తుంది.

తర్వాత స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి, డిస్క్ ట్యాబ్‌లోకి వెళ్లాను. ఏ ప్రోగ్రాము ఏ ఫైలును ముట్టుకుంటోందో పేరుతో సహా అక్కడ కనిపిస్తుంది. వైరస్ లాంటిదేమీ లేదు. మామూలు ఎక్స్‌ప్లోరర్, ఒక పెళ్లి ఫోల్డర్‌లో ఒకే ఒక్క రా ఫైలు (కెమెరా తీసిన అసలు ఫొటో) దగ్గర ఇరుక్కుపోయి ఉంది. ఆ వరుస కదలదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది దింపి చూస్తే పసుపు రంగులో కాషన్ అని వచ్చింది. అందులో సి5 అనే వరుస ముఖ్యం. డిస్క్ చదవలేక అనుమానంగా పక్కన పెట్టిన సెక్టార్ల, అంటే డిస్క్ మీద డేటా దాచే చిన్న చిన్న గడుల లెక్క అది. అక్కడ సున్నా ఉండాలి, లేదు.

హార్డ్ డిస్క్ ఒక సెక్టార్ చదవలేకపోతే వెంటనే చేతులెత్తేయదు. మళ్లీ తిరిగి, మళ్లీ చదివి, ఇంకోసారి ప్రయత్నిస్తుంది. అంతసేపూ విండోస్ ఎదురుచూస్తూ ఉంటుంది, లైటు వెలుగుతూ ఉంటుంది, మనకి 100 శాతం కనిపిస్తూ ఉంటుంది. ఇలాంటి డిస్క్ మీద ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్కిస్తే ఏమవుతుందో తెలుసా? కొన్నాళ్లు బ్రహ్మాండంగా నడుస్తుంది! ఎందుకంటే కొత్తగా రాసేటప్పుడు డిస్క్ చెడిపోయిన సెక్టార్లను వదిలేసి తన దగ్గరున్న స్పేర్ సెక్టార్లు వాడుకుంటుంది. షాపు వాడికి మంచి పేరొస్తుంది. పెళ్లి ఫొటోలు మాత్రం పోతాయి. అసలు జబ్బు తగ్గదు, రెండు మూడు నెలల్లో మళ్లీ అదే షాపుకి వెళ్తాం. అప్పుడు కూడా వైరసే అంటాడు.

అందుకని డిస్క్ మీద అనుమానం ఉంటే ముందు కాపీ, తర్వాతే ఏదైనా. చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ కమాండ్) కూడా అప్పుడే నడపకండి. చెడిపోయిన సెక్టార్లు వెతకమంటే అది డిస్క్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరదాకా చదివిస్తుంది, కొనఊపిరితో ఉన్నదాన్ని పరుగెత్తించడం దేనికి? మేము ఇంకా పార్టీకి ఇవ్వని పెళ్లిళ్ల ఫోల్డర్లు ముందు తీశాం, సినిమాలూ పాటలూ వదిలేశాం. రోబోకాపీ (ఫైళ్లు కాపీ చేసే విండోస్ కమాండ్) వాడేవాళ్లకి ఒక మాట. చదవలేని ఫైలు ఎదురైతే అది దానంతటది 10 లక్షల సార్లు, ప్రతిసారికీ మధ్య 30 సెకన్లు ఆగి ప్రయత్నించేలా ఉంటుంది. ఆ లెక్కన మనవడి పెళ్లికి కూడా కాపీ అవదు. ఆ సంఖ్యను ఒకటికి తగ్గించుకోండి. మాకు కొన్ని తలంబ్రాల ఫొటోలు డిస్క్ నుంచి రాలేదు గానీ, అన్నయ్య కెమెరా కార్డు ఇంకా ఖాళీ చేయలేదు కాబట్టి బయటపడ్డాం.

ఇప్పుడు మీ ల్యాప్‌టాప్ సంగతి. ఇది చదివి మీ డిస్క్ కూడా పోయిందని టెన్షన్ పడకండి. నాకు తెలిసినంతలో ఎక్కువ మందికి డిస్క్ బాగానే ఉంటుంది, దానికి పెట్టిన చాకిరీయే ఎక్కువ. లెక్క చూడండి. మామూలు ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 90 సార్లు. ఒక చుట్టుకి 11 మిల్లీసెకన్లు. అక్కడొక చిన్న ఫైలు ఇక్కడొక చిన్న ఫైలు అడిగితే సెకనుకి వంద తేవడం కూడా కష్టం. ఒక్కోటి 4 కేబీ అనుకుంటే అంతా కలిపి 400 కేబీ. అంటే ఆరోగ్యంగా ఉన్న డిస్క్ కూడా 100 శాతం చూపిస్తూ అర ఎంబీ స్పీడ్‌తో నడవొచ్చు. స్పీడ్ తక్కువని డిస్క్‌కి తద్దినం పెట్టేయకండి. పని పెద్దగా లేకపోయినా రెస్పాన్స్ టైమ్ వేలల్లో ఉంటేనే అనుమానించాలి.

ఇలాంటి డిస్కులకి 4 జీబీ ర్యామ్ జతచేసి విండోస్ 10 ఎక్కించి అమ్మిన వాళ్లని ఏమనాలో నాకు తెలియదు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ర్యామ్ నిండిపోతుంది, విండోస్ మిగతాదంతా డిస్క్ మీద పేజ్‌ఫైల్‌లోకి తోస్తుంది, కావాల్సినప్పుడు మళ్లీ లాగుతుంది. రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్‌లో హార్డ్ ఫాల్ట్స్ అనే గీత ఎప్పుడూ పైకి లేచి ఉంటే మీ కథ ఇదే. పైగా 2020లో ఆన్‌లైన్ క్లాసులకని కొన్న ల్యాప్‌టాప్‌లు చాలా ఇళ్లలో ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. నెలకోసారి ఏ అప్లికేషన్ నింపడానికో తీస్తారు. తీసిన వెంటనే విండోస్ అప్‌డేట్, డిఫెండర్ (విండోస్ సొంత యాంటీవైరస్) స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్ (వెతకడానికి ఫైళ్ల జాబితా రాసుకోవడం) మూడూ ఒకేసారి మీద పడతాయి. మనం విసుక్కుని అరగంటలో మూసేస్తాం. మళ్లీ నెల తర్వాత పని మొదటికొస్తుంది. చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి ఒక రాత్రంతా వదిలేయండి. చాలాసార్లు పొద్దునకి లైటు దానంతటదే సద్దుమణుగుతుంది.

యూట్యూబ్‌లో ప్రతివాడూ సిస్‌మెయిన్ ఆపేయండి అంటాడు. మనం తరచూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెట్టే విండోస్ సర్వీసు అది. పాత పేరు సూపర్‌ఫెచ్, విస్టా కాలం నుంచీ ఉన్నదే. హార్డ్ డిస్క్ ఉన్నవాళ్లు దాన్ని ఆపి చూడొచ్చు, పోయేదేమీ లేదు. కానీ వాళ్లే వరసగా అప్‌డేట్లు ఆపు, డిఫెండర్ ఆపు అని కూడా చెబుతారు, అది వినకండి. ఒకదాని మీద ఒకటి రెండు యాంటీవైరస్‌లు పెట్టుకున్నవాళ్లు ముందు ఒకటి తీసేయండి. క్లీనర్ అని పేరున్నవన్నీ తీసేయండి.

అరుదుగా ఇంకో రెండు ఉంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సి7 వరుస మాత్రమే రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్ కన్నా దాని కేబుల్‌ని అనుమానించండి. అన్నీ బాగుండి, స్పీడ్ సున్నా దగ్గరుండి, 100 శాతం మాత్రం కదలకపోతే అది విండోస్ సొంత ఏహెచ్‌సీఐ డ్రైవర్ (డిస్క్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్) తంటా కావచ్చు. విండోస్ 10లో అలా జరుగుతోందని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) ఏం మార్చాలో రాసిపెట్టింది.

డిస్క్ బాగున్నా బాగోకపోయినా, ఖర్చు పెట్టగలిగితే హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చాలా వేగమైన డిస్క్) వేయించండి, వీలుంటే ర్యామ్ 8 జీబీ చేయించండి. ఫార్మాట్‌కి ఇచ్చే డబ్బు దీనికి కలపండి. వదిన ల్యాప్‌టాప్‌కి అదే చేశాం. తీసిన పాత డిస్క్‌ను కేసులో పెట్టి బ్యాకప్‌కి వాడుకుందామని అన్నయ్య పట్టుబట్టాడు గానీ, వదినే ఒప్పుకోలేదు.

మీరు ఈ రాత్రి రెస్పాన్స్ టైమ్ ఎంతుందో, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఏ రంగు వచ్చిందో, ర్యామ్ ఎంతో చూసి కింద రాయండి. నీలం వస్తే తీరిగ్గా మాట్లాడుకుందాం. పసుపు గానీ ఎరుపు గానీ వస్తే నాకు రాయడం తర్వాత, ముందు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చుకోండి.