పుట్టుకతోనే నొప్పి తెలియకపోవడానికి జన్యువులు కారణం కాగలవా?

కాగలవు. దీనిని నిరూపించిన పరిశోధనల్లో ముఖ్యమైనది కేంబ్రిడ్జ్‌కు చెందిన వైద్య జన్యుశాస్త్రవేత్త జెఫ్రీ వుడ్స్ బృందం 2006లో నేచర్ పత్రికలో ప్రచురించినది. ఉత్తర పాకిస్తాన్‌లో చేతుల్లో కత్తులు గుచ్చుకుంటూ, నిప్పుల మీద నడుస్తూ వీధుల్లో ప్రదర్శనలిచ్చిన ఒక బాలుడి సంగతి తెలియడంతో ఆ పరిశోధన మొదలైంది. పరిశోధకులు అతణ్ని చూడకముందే, 14 ఏళ్ల వయసులో, ఇంటి కప్పు మీది నుంచి దూకి ఆ బాలుడు చనిపోయాడు. నొప్పి లేకపోవడాన్ని వరమని భావించేవారు ఈ విషాదాన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

ఆ తరువాత అదే ప్రాంతానికి చెందిన మూడు కుటుంబాలలో ఇటువంటి స్థితి ఉన్నవారిని పరీక్షించగా, ఎస్‌సీఎన్9ఏ అనే జన్యువులో తల్లి నుంచి వచ్చిన నకలు, తండ్రి నుంచి వచ్చిన నకలు రెండూ చెడిపోయి ఉన్నట్లు తేలింది. నొప్పిని గ్రహించే నాడీకణాలలో సోడియం అయాన్లను (విద్యుదావేశం ఉన్న సోడియం పరమాణువులను) లోనికి పంపే ఒక ద్వారాన్ని నిర్మించే సూచనలు ఈ జన్యువులో ఉంటాయి. ఆ ద్వారం పనిచేయకపోతే, గాయం వల్ల పుట్టే బలహీనమైన విద్యుత్ సంకేతం తగినంత బలపడక అక్కడే ఆగిపోతుంది. స్పర్శ, వేడి, చలి మాత్రం మామూలుగానే తెలుస్తాయి.

విశేషమేమిటంటే, ఇదే జన్యువులోని వేరే మార్పుల వల్ల ఆ ద్వారం అతిసులువుగా తెరుచుకుంటే, పాదాలు, చేతులు ఎర్రబడి మండిపోయే ఎరిత్రోమెలాల్జియా అనే వ్యాధి వస్తుంది. ఈ సంబంధం 2004లోనే చైనా రోగులలో బయటపడింది.