‘ప్రిపరేషన్‌లో ఉన్నాడు’ అన్న మాట తీసేస్తే నేనెవర్ని?

ప్రశ్న: నా వయసు 31. మాది నల్లగొండ జిల్లా. బీటెక్ అయ్యాక గ్రూప్-1 కోసం హైదరాబాద్ వచ్చి అశోక్‌నగర్ హాస్టల్లోనే ఉండిపోయాను. 2022 నోటిఫికేషన్ ప్రిలిమ్స్ రెండుసార్లు రాస్తే రెండుసార్లూ రద్దయింది. 2024 నోటిఫికేషన్‌లో మెయిన్స్ దాకా వెళ్లి ఆగిపోయాను. ఊళ్లో అందరికీ నేను ‘కలెక్టర్ సారు’ని. నాన్న ఇక ఇంటికొచ్చెయ్యమంటున్నాడు. మానేస్తే నేనేమీ కాకుండా పోతానేమోనని భయం. హాస్టల్లో జూనియర్లకు పాలిటీ (రాజ్యాంగం, పాలన సబ్జెక్టు) చెప్పే గంట తప్ప రోజంతా టెన్షనే, రాత్రిళ్లు నిద్ర లేదు. నేను ఫెయిల్యూర్‌నా సార్?

జవాబు: ముందు ఒక లెక్క సరిచేసుకోండి. పేపర్ లీకైందని ఒకసారి, హైకోర్టు తీర్పుతో ఇంకోసారి రద్దయిన పరీక్షను మీ ఖాతాలో ఎందుకు రాసుకుంటున్నారు? అందులో మీరు తప్పింది ఏమీ లేదు. మెయిన్స్‌లో రాలేదు, అది నిజం. అంతవరకే బాధపడండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గ్రూప్-1 పోస్టు వస్తే ఏ శాఖలో చేరాలనుందో, ఏం చేయాలనుందో ఎక్కడా రాయలేదు. ‘ఏం చేస్తున్నావ్?’ అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదన్న భయమే కనిపించింది. అంటే మీరు వదల్లేకపోతున్నది పరీక్షనా, ‘ప్రిపరేషన్‌లో ఉన్నాను’ అనే జవాబునా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. ఇన్నేళ్లు పెళ్లిళ్లలో, ఫోన్లలో అది మిమ్మల్ని కాపాడింది మరి. 2024 నోటిఫికేషన్‌లో గరిష్ఠ వయసు 46కి పెంచారు. మీ హాస్టల్లో దాన్ని ధైర్యం చెప్పుకోవడానికి వాడుతుంటారనుకుంటా. నాకది కాస్త భయంగానే ఉంటుంది. ‘ఇక చాలు’ అని సర్కారు ఇప్పట్లో మీకు చెప్పదు.

ఒక పని చేయండి. ‘నేను...’ అని మొదలుపెట్టి 20 వాక్యాలు రాయండి. అమెరికాలో కూన్, మెక్‌పార్ట్‌లాండ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1954లో ప్రచురించిన పరీక్ష ఇది. ఎక్కువ మందికి మొదట నలుగురికీ తెలిసిన గుర్తింపులే వస్తాయట: కొడుకు, ఫలానా ఊరు, ఫలానా చదువు. అవి అయిపోయాకే సొంత సంగతులు బయటికొస్తాయి. మీకు పదో వాక్యం దగ్గర పెన్ను ఆగిపోవచ్చు. ఆగినా లేవకండి. రాయడం అయ్యాక, ఎవరో ప్రకటించే రిజల్టు మీద ఆధారపడిన వాక్యాలన్నీ కొట్టేయండి. ‘నేను కలెక్టర్ సారుని’ పోతుంది. ‘నేను ఫెయిల్యూర్‌ని’ కూడా పోవాలి, అదీ రిజల్టు పెట్టిన పేరే. మిగిలినవి రెండే అయినా సరే, వాటితో కొన్నాళ్లు గడిపి చూడండి.

జూనియర్లకు పాలిటీ చెప్పే గంట సంగతి మీరే రాశారు. కానీ ‘అయితే నేను టీచర్‌ని’ అని వెంటనే ఇంకో బోర్డు తగిలించుకోకండి. చెప్పడం ఇష్టమా, వాళ్లతో ఉండడం ఇష్టమా, ఆ గంటసేపు మీ రిజల్టు ఎవరూ అడగకపోవడం హాయిగా ఉందా? మూడూ వేర్వేరు. తొందరేం లేదు, గమనించండి.

ఇక మానేయాలా వద్దా. అది నేను చెప్పను. వచ్చే నోటిఫికేషన్ రాయాలనుకుంటే రాయండి, కానీ ఈలోగా నెల జీతం వచ్చే పని ఏదైనా చూసుకోండి. ఇంటి డబ్బుతో గది అద్దె కడుతున్నంత కాలం ఈ విషయంలో తీరిగ్గా ఆలోచించడం కష్టం. నాన్నగారితో ఫోన్లో తేల్చకండి. ఊరెళ్లి నాలుగు రోజులుండి మాట్లాడండి. ‘కలెక్టర్ సారూ’ అని పిలిచినవాళ్లకు పేరుతో పిలవమని చెప్పండి. మొదట్లో నవ్వుతారు, నవ్వనివ్వండి.

నిద్ర పట్టకపోవడాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. వారాల తరబడి ఇలాగే ఉన్నా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు.